రెండు తలుపుల గది

మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యడం కూడా ఒక విద్యేననీ, ఆ విద్యలో తనను మించినవాడు లేడనీ బాబాయ్‌కి గట్టి నమ్మకం. నమ్మకమే కాదు, కాస్త గర్వం కూడా. కొందరికి పాట వెన్నతో పెట్టిన విద్య, కొందరికి బేరం. ఈయనకి ఇది.

బాబాయ్ అన్నది ఆయన పేరు కాదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసం శనివారాలు నడిచే పీజీ క్లాసులో తోటివాళ్లు తగిలించిన పిలుపు. సంస్థాగత ప్రవర్తన, మానవ వనరుల నిర్వహణ అని ఆ చదువుకి నోరు తిరగని పేరు. వారమంతా ఆఫీసుల్లో నలిగి, సెలవు పూట కూడా నిద్రకి నోచుకోని జనం అక్కడ చేరతారు. అందరిలోకీ పెద్దవాడు ఈయనే. మిగతావాళ్లు ల్యాప్‌టాప్‌ల మీద టకటకా కొట్టుకుపోతుంటే, ఈయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని గుండ్రటి అక్షరాలతో రాసుకుంటూ కూర్చుంటాడు. చిన్న వయసువాళ్లతో సమానంగా ప్రశ్నలడుగుతాడు, సమానంగా తిట్లూ తింటాడు.

ఈ వయసులో చదువెందుకయ్యా అంటే, సరదాకి మాత్రం కాదు. ఆయన ఒక గాజు ఫ్యాక్టరీలో మానవ వనరుల మేనేజరు. గుమాస్తాగా చేరి, మనుషుల్ని మంచి చేసుకుంటూ, మెట్టు మెట్టు ఎక్కి ఆ కుర్చీ దాకా వచ్చాడు. ఇంతలో యాజమాన్యం చేతులు మారింది. పీజీ లేనివాళ్లు ఆ కుర్చీలో కూర్చోవడానికి వీల్లేదని కొత్తవాళ్లు నిబంధన పెట్టారు. దయతలచి రెండేళ్ల గడువిచ్చారు. ఆ గడువు ఇంకో రెండు నెలల్లో తీరుతుంది. ఆఖరి పరీక్ష దానికి ముందే. పరీక్ష గట్టెక్కితే కుర్చీ నిలుస్తుంది, లేకపోతే లేదు. కొడుకు చదువు సగంలో ఉంది, తనకా యాభై దగ్గర పడింది. ఇప్పుడు బయటికి వెళ్తే పిలిచి పీట వేసేవాడెవడూ లేడని మనుషుల్ని తీసేసిన మనిషికి చెప్పక్కర్లేదు కదా.

ఇంట్లో ఆవిడ ఈ చదువుని మొదటి రోజు నుంచే ఆట పట్టించింది.

"మనుషులు వనరులెప్పుడయ్యారండీ? మా చిన్నప్పటి పుస్తకంలో బొగ్గు, ఇనుము అని ఉండేది."

"ఇప్పుడు మనుషులు కూడానే."

"అయితే తవ్వుకున్నంత సేపు తవ్వుకుని, అయిపోతే గొయ్యి వదిలేసి పోతారన్నమాట" అని కూర తరుగుతూ నవ్వేది. నవ్వితే నవ్వింది గానీ, పరీక్షలొచ్చాయంటే పుస్తకం ఒళ్లో పెట్టుకుని ప్రశ్నలడిగేది ఆవిడే. ఆయన తప్పు చెబితే గరిటెతో బల్ల మీద కొట్టేది. మేనేజరుగారికి ఆ ఇంట్లో ఉన్న మర్యాద అంతే.

రెండో సెమిస్టరులో ఒక సిద్ధాంతం ఆయన్ని పట్టేసుకుంది. విధానపరమైన న్యాయం అని దాని పేరు. క్లాసు చెప్పే ప్రొఫెసరమ్మ దాన్ని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఫలితం చేదుగా ఉన్నా సరే, దాన్ని చెప్పే పద్ధతిలో మర్యాద ఉంటే మనిషి ఒప్పుకుంటాడు. బాబాయ్ బెంచీ మీద నిటారుగా అయిపోయాడు. ఇన్నేళ్లుగా తను చేస్తున్నది ఇదే కదా! ఎవరూ చెప్పకుండానే, ఏ పుస్తకం చదవకుండానే తను కనిపెట్టిందానికి ఎవరో ఎక్కడో పేరు కూడా పెట్టేశారు. ఆ రోజు ఇంటికి వెళ్లి పెళ్లాం చేతులు పట్టుకుని మరీ చెప్పాడు.

ఆయన పద్ధతి ఆయనకి ఉంది. ఉద్యోగం పోయిందన్న మాట మొదటి నిమిషంలోనే చెప్పెయ్యాలి, వాతావరణం గురించీ పిల్లల గురించీ కబుర్లు పెట్టకూడదు. మధ్యలో బల్ల ఉండకూడదు. మంచినీళ్లు ముందే పోసి ఉంచాలి, అడిగించుకోకూడదు. "నీ బాధ నాకు అర్థమైంది" అని చచ్చినా అనకూడదు. అంతా అయ్యాక ఆ మనిషి సంచి మనమే పట్టుకుని గేటు దాకా పక్కనే నడవాలి. కాపలావాళ్ల చేత పంపించకూడదు. అవతలి మనిషి వీధి మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడాలి. ఇదంతా ఆయన క్లాసులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

చెప్పినప్పుడల్లా చివర్లో మేస్త్రి కథ ఉండాల్సిందే. కొలిమి దగ్గర ఒళ్లు కాల్చుకుంటూ బతుకంతా గడిపిన మేస్త్రిని, కొత్త యంత్రం వచ్చిందని తీసేయాల్సి వచ్చింది. బాబాయ్ తన పద్ధతిలోనే చెప్పి, సంచి పట్టుకుని, గేటు దాకా నడిచాడు. గేటు దగ్గర మేస్త్రి ఆయన వైపు తిరిగి, "బాగా చేశారు సార్. ఇక్కడి నుంచి నేను వెళ్తాలెండి" అన్నాడు. అని, ఒక్కసారైనా వెనక్కి చూడకుండా, తల వంచకుండా, మలుపు దాకా రాజులా నడిచి వెళ్లాడు. "ఉద్యోగం పోయినవాడి చేత బాగా చేశారనిపించుకోవడం కన్నా ఏం కావాలి?" అని బాబాయ్ ముగించేవాడు. ఆ ముక్క వచ్చేసరికి క్లాసంతా ఆయనతో కలిసి వంత పాడేది.

అయితే క్లాసులో ఆయన కొలిమి అనలేదు, గాజు అనలేదు. బాయిలరు మేస్త్రి అన్నాడు, మా నూలు మిల్లు అన్నాడు. అది ప్రొఫెసరమ్మ పెట్టిన కట్టుబాటు. అందరూ సొంత ఆఫీసు గొడవలే పట్టుకొస్తారు కాబట్టి, ఏ కంపెనీ గుట్టూ బయటపడకుండా, ఎవరి సంస్థని వాళ్లు ఇంకో సంస్థగా మార్చి చెప్పాలి. బ్యాంకాయన తన బ్యాంకుని బడి అనేవాడు. ఇంకొకామె విమానాశ్రయాన్ని కూరగాయల మార్కెట్టు అనేది. పేర్లు కూడా లేవు, హాజరు నంబర్లతోనే. అలా రెండేళ్లు పక్కపక్కన కూర్చుని ఒకరి కష్టాలు ఒకరు పూసగుచ్చినట్టు విన్నారు గానీ, ఎవరు ఎక్కడ పనిచేస్తారో ఎవరికీ తెలియదు. బాబాయ్ అంటే అందరికీ నూలు మిల్లు.

ఆ క్లాసులో అందరికన్నా చిన్నది చిట్టి. ఆ పేరూ క్లాసు పెట్టిందే. కంపెనీలకి సలహాలిచ్చే ఏదో సంస్థలో కొత్తగా చేరింది, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. తండ్రికి చూపు పోయింది, ఇంట్లో సంపాదించేది తనొక్కతే. బాబాయ్ పక్కనే కూర్చుని, ఆయనకి ల్యాప్‌టాప్‌లో బొమ్మలు పెట్టి ఇచ్చేది. బదులుగా ఆయన ఆమెకి లోకం చెప్పేవాడు.

ఆ శనివారం "కష్టమైన సంభాషణలు" అనే పాఠంలో అభ్యాసం. గది మధ్యలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. చిట్టి చెయ్యెత్తింది.

"నా కేసు చేస్తాను మేడం. ఇది నిజంగానే ఎల్లుండి, సోమవారం. మొదటిసారి నేనే చెప్పాలి. నిద్ర పట్టట్లేదు."

"ఇది పరీక్షలో వస్తుందా?" అన్నాడు బ్యాంకాయన. ఆయన ప్రతిదానికీ అదే అడుగుతాడు.

"బతుకులో వస్తుంది, కూర్చోండి" అంది ప్రొఫెసరమ్మ.

చిట్టి కేసు చెప్పడం మొదలుపెట్టింది. "ఒక పెద్ద ఆసుపత్రి అనుకోండి. అందులో ఒకాయన, సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్దాయన. కింది నుంచి పైకొచ్చిన మనిషి. పేరు నాకింకా చెప్పలేదు, మా వాళ్లు పేర్లు ఆ రోజు పొద్దునే ఇస్తారు. ఆయనంటే పనివాళ్లకి ప్రాణం. ఎవరికైనా ఉద్యోగం పోతే తనే దగ్గరుండి సాగనంపుతాడట." అని బాబాయ్ వైపు తిరిగి నవ్వింది. "అచ్చం మీలాంటి మనిషే బాబాయ్! మిల్లులో మీరెలాగో, ఆసుపత్రిలో ఆయన అలాగ. అందుకే ఆయన వేషం మీరే వెయ్యాలి."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. బాబాయ్ కూడా నవ్వుతూ లేచాడు. నిజం చెప్పాలంటే లోపల కొంచెం పొంగాడు. లోకంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడన్నమాట, పాపం ఎవరో, మంచివాడై ఉంటాడు అనుకున్నాడు. అనుకుంటూనే వెళ్లి ఎప్పుడూ కూర్చోని కుర్చీలో కూర్చున్నాడు.

"క్యాంటీను వెనకాల ఒక గది ఉంటుంది" అని చిట్టి చెప్పుకుపోతోంది. "దానికి రెండు తలుపులు. ఒక తలుపులోంచి వచ్చి, ఇంకో తలుపులోంచి బయటికి పోవచ్చు. ఏడ్చిన మొహంతో అందరి మధ్యలోంచి నడవక్కర్లేదు. ఆ రెండో తలుపు పెట్టించింది కూడా ఆయనేనట. ఆయన్ని ఆ గదిలోనే కూర్చోబెట్టి చెప్పమన్నారు."

బాబాయ్ మొహం మీది నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని తీసెయ్యాలన్న సంగతి మొహానికి గుర్తురాలేదు. క్యాంటీను వెనకాల గోడ పగలగొట్టించి తలుపు పెట్టించింది ఆయనే. ఆ సంగతి ఈ క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు ఉలిక్కిపడాలి, రెండు తలుపుల గదులు ఎన్ని లేవు అని సర్దిచెప్పుకున్నాడు.

"కారణం ఏం చూపిస్తున్నారు?" అని ప్రొఫెసరమ్మ అడిగింది.

"పీజీ లేదని మేడం. గడువిచ్చారట, అది ఇంకా రెండు నెలలుంది. కానీ అప్పటిదాకా ఆగితే ఆ కారణం పోతుంది, ఈలోపే కానిచ్చెయ్యమన్నారు. అదెందుకో నాకూ అర్థం కాలేదు."

చిట్టికి అర్థం కాలేదు గానీ బాబాయ్‌కి బాగా అర్థమైంది. తను పరీక్ష రాసేస్తాడనీ, రాస్తే నెగ్గుతాడనీ వాళ్లకి తెలుసు. నెగ్గితే తీసెయ్యడానికి వీలుండదు. రెండేళ్లు ఆయన చదువుతుంటే వాళ్లు ఊరికే చూస్తూ కూర్చుని, ఒడ్డు కనబడుతున్నప్పుడు పడవలోంచి తోసేస్తున్నారు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గట్టిగా నొక్కిపట్టాడు.

"మొదలుపెట్టండి" అంది ప్రొఫెసరమ్మ.

చిట్టి ఎదురుగా కూర్చుంది. "నమస్కారం సార్. రండి, కూర్చోండి. దారిలో ఇబ్బందేమీ కాలేదుగా?" అంది. తర్వాత రెండుసార్లు గొంతు సవరించుకుంది. తర్వాత సంస్థ మారుతోందనీ, కాలం మారుతోందనీ చాలా దూరం నుంచి నరుక్కొచ్చింది. చివరికి, "మీ ఉద్యోగం ఇవాళ్టితో ఆఖరు సార్. మీ బాధ నాకు అర్థమైంది" అంది.

ఎదుటి గోడ మీద ఎవరో అంటించి పీకేసిన కాగితం తాలూకు జిగురు మరక ఉంది. బాబాయ్ దానివైపే చూస్తూ కూర్చున్నాడు. బ్యాంకాయన కూడా కదల్లేదు.

"చూశారా" అంది ప్రొఫెసరమ్మ మెల్లగా. "నిజమైన మనిషి ఇలాగే ఉంటాడు. అరవడు, ఏడవడు. ఇంత బాగా ఎవరూ చెయ్యలేదు ఈ క్లాసులో."

అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు.

టీ విరామంలో చిట్టి ఆయన వెనకాలే వరండాలోకి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి. "చెడగొట్టేశాను కదా బాబాయ్. సోమవారం కూడా ఇలాగే చెడగొడతాను. మా బాసు నా గురించి ఏమని రాస్తాడో. ఆ పెద్దాయన ఏమైపోతాడో."

ఇదిగో, ఇక్కడ ఆయన నోరు విప్పి ఉండొచ్చు. ఆ ఆసుపత్రి ఆసుపత్రి కాదమ్మా, గాజు ఫ్యాక్టరీ, ఆ పెద్దాయన్ని నేనే అని ఒక్క ముక్క. కానీ ఆ పిల్ల టీ కప్పు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. చెబితే సోమవారం దాకా ఆ రహస్యం ఆమె మోయాలి, మోయలేదు. అంతకన్నా ముఖ్యం, ఇన్నేళ్ల అలవాటు నోట్లోంచి ముందే వచ్చేసింది.

"మొదటి నిమిషంలోనే చెప్పెయ్యి తల్లీ. దారి గురించి అడక్కు. అర్థమైందని అనకు, నీకు అర్థం కాదు. నీళ్లు పోసి ఉంచు. తర్వాత సంచి నువ్వే పట్టుకుని గేటు దాకా నడువు. మలుపు తిరిగేదాకా నిలబడు. అంతే. ఆ మనిషి నిన్ను దీవించి వెళ్తాడు."

చిట్టి తల ఊపుతూ అన్నీ మళ్లీ అప్పజెప్పుకుంది. ఆమె మొహం కాస్త తేటపడింది. బాబాయ్ టీ తాగకుండానే పారబోశాడు.

ఆదివారం ఆయనకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. దారి లేదని కాదు, ఒక దారి స్పష్టంగానే ఉంది. ఎడమ మోకాలు చాలా కాలంగా అరిగిపోయింది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు ఏడాది నుంచీ పోరుతున్నాడు. వైద్య సెలవులో ఉన్నవాణ్ని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని ఫ్యాక్టరీలో నిబంధన ఉంది. ఆ నిబంధన రాయించింది ఆయనే. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరితే చాలు, సెలవు పూర్తయ్యేలోగా పరీక్ష కూడా రాసెయ్యొచ్చు. కుర్చీ దక్కుతుంది.

కానీ సరిగ్గా సోమవారం పొద్దున్నే మేనేజరు మోకాలు మొరాయించిందంటే, ఎవరు ఉప్పందించారని అడగరా? ఆ సంగతి తెలిసినవాళ్లు ఇటు డైరెక్టరు, అటు చిట్టి వాళ్ల ఆఫీసు. చిట్టి, ఆయన ఒకే క్లాసని తెలియడానికి ఒక్క ఫోను చాలు. ఆ పిల్ల పని అక్కడితో సరి. ఎలా తీసేస్తారో కూడా ఆయనకి కళ్లకి కట్టినట్టు కనబడింది, ఎందుకంటే గుట్టు బయటపెట్టినవాళ్లని ఆయన కూడా తీసేశాడు.

"మోకాలు పట్టుకుని కూర్చున్నారేంటి? నొప్పా?" అంది ఆవిడ.

"కొంచెం."

"పోనీ ఆపరేషన్ చేయించేసుకోండి. మంచం మీద పడుకుని చదువుకోవచ్చు. నేనెలాగూ గరిటె పట్టుకుని పక్కనే ఉంటాను."

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. మింగలేక, కక్కలేక మధ్యాహ్నం దాకా గడిపి, చొక్కా వేసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లాడు. లోపల బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని. ఎవరో అమ్మాయి ఆయనకి చెప్పుల జోడు సరిచేస్తోంది. ఆ ముసలాయన చిట్టి తండ్రి కాదు, ఆ అమ్మాయి చిట్టీ కాదు. అయినా బాబాయ్ అక్కడి నుంచి వెనక్కి వచ్చేశాడు.

గొప్ప త్యాగం చేశాడని ఆయన్ని ఆకాశానికెత్తడానికి నాకు మనసొప్పదు. ఆ పిల్ల మీద జాలి ఉంది, నిజమే. దానితో పాటు ఇంకొకటి కూడా ఉంది. తన చేత్తో నేర్పిన పిల్ల, తను నేర్పినట్టే చేస్తుంది, ఆ పద్ధతిలో మర్యాద ఉంది, ఆ మర్యాద ఉంటే దేన్నైనా తట్టుకోవచ్చు అని ఆయన ఇంకా నమ్ముతూనే ఉన్నాడు. సిద్ధాంతం అలాగే చెప్పింది. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న అది.

సోమవారం పొద్దున డైరెక్టరు గది నుంచి ఫోను వచ్చింది. బయటి సలహాదారులు వచ్చారు, క్యాంటీను వెనకాల గదిలో ఒకసారి కలవండి అని. బాబాయ్ లేచి, బల్ల మీది పుస్తకాలూ టిఫిన్ డబ్బా తన సంచిలో సర్దుకున్నాడు. మనుషుల్ని పిలిపించినప్పుడు వాళ్లు సంచి బల్ల దగ్గరే వదిలేసి వస్తే, తర్వాత దానికోసం ఎవరినో పంపాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది ఎవరికీ ఉండకూడదనుకున్నాడు.

గదిలో బల్లని గోడ వారకి జరిపేశారు. రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. గ్లాసులో నీళ్లు పోసి ఉన్నాయి. కిటికీ దగ్గర కొత్త యాజమాన్యం తరఫున సాక్షిగా ఒక కుర్రాఫీసరు ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. కుర్చీలో చిట్టి ఉంది.

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు ఆయన బతికినంత కాలం మర్చిపోడు. పెదవులు "బా" దాకా వచ్చాయి. బాబాయ్ వెంటనే, కుర్రాఫీసరుకి వినబడేలా, "నమస్కారం అమ్మా. మిమ్మల్ని కలవడం ఇదే మొదటిసారి" అని ఎదురుగా కూర్చున్నాడు.

చిట్టి చేతిలోని కాగితాన్నీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూస్తోంది. కిటికీ దగ్గరాయన ఫోనులోంచి తల తిప్పి చూశాడు. ఇంకాసేపు ఇలాగే ఉంటే అతనికి అనుమానం వస్తుంది.

"మామూలుగా ఈ గదిలో" అన్నాడు బాబాయ్, ఆఫీసు గొంతుతో, "మొదటి నిమిషంలోనే విషయం చెప్పేస్తారమ్మా. అది పద్ధతి."

"మీ ఉద్యోగం" అని ఆగింది చిట్టి. "మీ ఉద్యోగం ఇవాళ్టితో ఆఖరు... సార్."

"కారణం?"

"పీజీ లేదని."

"ఆ తర్వాత నా దగ్గరున్న తాళాలు అడగాలి."

"తాళాలు..."

ఆయన తాళాలగుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు. నీళ్ల గ్లాసు తీసి ఆమెకే అందించాడు. ఆమె గటగటా తాగేసింది. అలా ఒక్కో మెట్టూ ఆయనే అందిస్తూ, ఆమె వెనకాలే అంటూ, బాబాయ్ ఉద్యోగాన్ని ఇద్దరూ కలిసి ముగించారు. కుర్రాఫీసరు అదంతా చూసి, "మీ అంత సహకరించే మనిషిని నేను చూడలేదు సార్" అన్నాడు. అతను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

"గేటు దాకా కాపలా అతన్ని పిలుస్తాను" అని కూడా అన్నాడు.

"వద్దు" అంది చిట్టి. ఆ గదిలో ఆమె సొంతంగా అన్న మాట అదొక్కటే. "నేను వెళ్తాను." వంగి ఆయన సంచి ఎత్తుకుంది. ఆయన చెయ్యి చాచాడు గానీ ఆమె ఇవ్వలేదు.

రెండో తలుపులోంచి బయటికి వచ్చారు. ఆ తలుపు తను పెట్టించిందే అయినా, దానిలోంచి ఎప్పుడూ ఒంటరిగా రాలేదు, ఉద్యోగం పోయినవాడి పక్కనే, అతని మొహం మీదే చూపు పెట్టి వచ్చాడు. ఏడ్చిన మొహాలు ఎవరికీ కనబడకూడదని ఆ దారి ఏర్పాటు చేశాడు. ఇప్పుడు తెలిసింది, అది కొలిమి హాలు కిటికీల ముందునుంచే వెళ్తుంది. లోపలున్నవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. ఆ తలుపులోంచి వచ్చారంటే ఏమిటో ఫ్యాక్టరీలో పసిపిల్లాడికి కూడా తెలుసు. తనకి తప్ప అందరికీ తెలుసు.

"శనివారమే మీకు తెలుసా బాబాయ్?" అని చిట్టి గొంతు తగ్గించి అడిగింది.

"తెలీదమ్మా."

ఆమె నమ్మిందో లేదో, ఏడుపు ఆపుకుంటూ పక్కనే నడిచింది. సంచి రెండు చేతుల్తో గుండెకి హత్తుకుని పట్టుకుంది. ఆయనకి ఆ సంచి కావాలనిపించింది. ప్రాణం పోయినా ఆ సంచి తన చేతిలో ఉండాలనిపించింది. ఈ పిల్ల ఇక్కడి నుంచి వెళ్లిపోతే బాగుండుననిపించింది. వెళ్లిపోతే ఎవరినైనా తిట్టొచ్చు, గోడని తన్నొచ్చు, నేల మీద కూలబడొచ్చు. పక్కన ఇంత మంచిగా, ఇంత మర్యాదగా ఒక మనిషి నడుస్తుంటే అవేవీ చెయ్యడానికి లేదు. నడవాలి. ఆమె నొచ్చుకోకుండా నడవాలి.

అప్పుడు మేస్త్రి గుర్తొచ్చాడు. ఆ రోజు మేస్త్రి కూడా సంచి కోసం చెయ్యి చాచాడు. ఒకసారి కాదు, దారి పొడుగునా. "ఫరవాలేదు, నేను తెస్తాను" అని బాబాయ్ నవ్వుతూ సంచిని అవతలి చేతికి మార్చుకున్నాడు. మొహమాటపడుతున్నాడు పాపం, ఎంత మంచివాడో అనుకున్నాడు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికని మేస్త్రికి తెలుసు. రాయికి మెత్తటి గుడ్డ చుట్టి, ఇప్పుడు నొప్పి లేదుగా అని అడిగింది తను. ఉద్యోగం తీసుకోవడం కంపెనీ చేసిన పని. ఏడవడానికీ, తిట్టడానికీ ఆ మనిషికి మిగిలిన కాసిన్ని అడుగుల దారిని కూడా లాక్కుంది మాత్రం తనే. ఒక్క మేస్త్రి దగ్గరేనా? ఆ గదిలోంచి తనతో నడిచి వచ్చినవాళ్లందరి దగ్గరా. అది తలుచుకుంటే ఉద్యోగం పోయిన బాధ కూడా చిన్నదైపోయింది ఆయనకి.

గేటు దగ్గరికి వచ్చారు. కాపలా అతను లేచి నిలబడి, సలాం కొట్టాలో వద్దో తెలియక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చిట్టి ఆగింది. సంచి ఇంకా ఆమె దగ్గరే ఉంది.

"నేనేమైనా తప్పు చేశానా బాబాయ్?"

ఆయన ఆమె వైపు చూశాడు. నిజం గొంతు దాకా వచ్చింది. ఇంకెప్పుడూ ఎవరితోనూ ఇలా నడవకమ్మా అని చెప్పాలి. చెప్పకపోతే ఈ పిల్ల ఇదే పద్ధతిలో, ఇంతే ప్రేమగా, జీవితమంతా మనుషుల్ని గేటు దాకా నడిపిస్తుంది, ఒక రోజు ఇంకో చిట్టికి నేర్పుతుంది. చెబితే ఇక్కడే, ఈ గేటు దగ్గరే, కూలిపోతుంది. కళ్ల నిండా నీళ్లతో, పెద్దవాళ్లు మార్కులు వేసేదాకా ఆగే పిల్లలా నిలబడి ఉంది.

మేస్త్రి కళ్లకి కూడా తను ఆ రోజు ఇలాగే నిలబడి కనబడి ఉంటాడు. మేస్త్రి కూడా జాలిపడి ఉంటాడు.

"బాగా చేశావమ్మా" అన్నాడు బాబాయ్. సంచి ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. "ఇక్కడి నుంచి నేను వెళ్తాలే."

చిట్టి మొహం విచ్చుకుంది. ఆ మాట ఎక్కడిదో, ఎవరిదో ఆమెకి తెలుసు. శనివారం క్లాసులో ఎన్నిసార్లు వింది! కళ్లు తుడుచుకుని, ఏడుస్తూనే నవ్వింది.

బాబాయ్ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాడు. ఎండ ఎక్కింది. మోకాలు అడుగు తీసి అడుగు వెయ్యనివ్వడం లేదు. పక్కన ఒక రాతి అరుగు ఉంది, కూర్చుందామనిపించింది. కానీ మలుపు తిరిగేదాకా ఆ పిల్ల గేటు దగ్గరే నిలబడి చూస్తుంది. నేర్పింది తనే. అందుకని వెనక్కి చూడకుండా, తల వంచకుండా, కుంటు తెలియకుండా మలుపు దాకా నడిచాడు. మలుపు తిరిగాక గోడ పట్టుకుని అక్కడే కూలబడిపోయాడు.